గంట మోగితే మంచం దగ్గరికి రావాలి

మా పెద్దనాన్నకు బైపాస్ అయిన రెండో రాత్రి. ఐసీయూలోకి ఒక్కరే రావాలి, ఐదు నిమిషాలే ఉండాలి అన్నారు. చెప్పులు బయట విడిచి, వాళ్లిచ్చిన గౌను తొడుక్కుని, చేతులకు మందు రాసుకుని లోపలికి వెళ్లాను. ఆయన మగతలో ఉన్నారు. మెడ పక్కన ఒక లైను, మణికట్టు దగ్గర ఇంకొకటి, ఛాతీ కింది నుంచి బయటికి రెండు ట్యూబులు, ఒంటి మీద అక్కడక్కడా స్టిక్కర్లు, వేలికి ఎర్రగా వెలిగే క్లిప్పు. తల పైన మానిటర్ మీద గీతలు పరుగెడుతున్నాయి.

నేనున్న ఆ ఐదు నిమిషాల్లో అలారం నాలుగుసార్లు మోగింది. మొదటిసారి వేలి క్లిప్పు జారి దుప్పటి మీద పడింది. పక్క మంచం దగ్గరున్న సిస్టర్ చెయ్యి చాచి బటన్ నొక్కి, క్లిప్పు మళ్లీ పెట్టి వెళ్లింది. రెండోసారి, మూడోసారి చెమటకు ఊడిన స్టిక్కర్ వల్ల మోగింది. ఆమె వచ్చి నొక్కింది, వెళ్లింది. నాలుగోసారి మోగినప్పుడు ఆమె ఇంకో రోగికి పంపులో మందు నింపుతోంది, తల తిప్పలేదు. నాకు ఆ అంకెలు తెలియవు. కానీ బీపీ చూపే ఎర్ర గీత అంతకుముందు ఉన్నంత ఎత్తున లేదని మాత్రం తెలిసింది. "సిస్టర్" అని పిలిచాను. "అది అలాగే మోగుతుందండీ, కంగారు పడకండి" అంది, మర్యాదగానే.

బయటికి వచ్చి కూర్చున్నాను. అరగంట తర్వాత రౌండ్లకు వచ్చిన కుర్ర డాక్టరు ట్యూబుల్లో రక్తం రావడం ఆగిపోయిందని, బీపీ పడిపోతోందని గమనించాడు. గుండె చుట్టూ రక్తం చేరి గుండెను నొక్కేస్తోంది. రాత్రి రెండింటికి మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారు. పెద్దనాన్న బతికారు. ఆ నాలుగో గంట మాత్రం నిజం చెప్పింది. విన్నవాళ్లు లేరు.

ఆ సిస్టర్ మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. ఆ రాత్రి ఆమె చేతిలో నలుగురు రోగులున్నారు. అందరూ పెద్ద ఆపరేషన్ అయినవారే. ఆ ఆసుపత్రి పేరు రాయడం లేదు, ఎందుకంటే పేరు మార్చినా కథ ఇదే. గుండె ఆపరేషన్ కోసం ఏటా లెక్కలేనంత మంది మనవాళ్లు ఐసీయూ తలుపు దాటి వెళ్తున్నారు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక, పొలం అమ్మితే తప్ప బైపాస్ చేయించుకోలేని కుటుంబాలకూ ఆ తలుపు తెరుచుకుంది. అది గొప్ప సంగతి. కానీ తలుపు అవతల రాత్రిపూట ఏం జరుగుతోందో మనం అడగడం లేదు. ఇప్పుడు అడగాలి. ఆలస్యం చేసేంత తీరిక ఈ విషయంలో లేదు.

మోగి మోగి చెవులు మొద్దుబారడాన్ని వైద్యులు అలారం అలసట అంటారు. దాన్ని లెక్కగట్టిన ఆసుపత్రులున్నాయి. 2013 మార్చిలో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 77 ఐసీయూ మంచాల దగ్గర వచ్చిన ప్రతి అలారాన్నీ 31 రోజుల పాటు నమోదు చేశారు. రోగులు 461 మంది. అలారాలు 25,58,760. వీటిలో చాలావరకు తెర మీద వెలిగి ఆరిపోయేవే. చెవికి వినపడేలా మోగినవి చూసినా మంచానికి రోజుకు 187. అంటే ఒక్కో మంచం దగ్గర సుమారు ఎనిమిది నిమిషాలకు ఒక గంట. గుండె లయ తప్పిందని చెప్పిన అలారాల్లో 12,671 తీసుకుని నిపుణులు ఒక్కొక్కటిగా పరిశీలిస్తే, దాదాపు 89 శాతం ఉత్తుత్తివని తేలింది. నలుగురు రోగులను చూసే మనిషికి ఇదే లెక్కన ప్రతి రెండు నిమిషాలకూ ఒక గంట మోగుతుంది. అందులో ఎక్కువ అబద్ధాలు. నాన్నా పులి కథ మనందరికీ తెలుసు. ఆ కథలో పిల్లవాడు కావాలని అబద్ధమాడాడు. ఇక్కడ ఎవరూ కావాలని చేయడం లేదు. అయినా పులి వచ్చిన రోజున జరిగేది ఒకటే.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ప్రపంచంలో పేరున్న వాటిలో ఒకటి. 2010 జనవరిలో అక్కడ ఒక వృద్ధుడి గుండె మెల్లమెల్లగా నెమ్మదించి ఆగిపోయింది. ఆయన మానిటర్ మీద ప్రాణాపాయాన్ని చెప్పే అలారం ఆపేసి ఉంది. అంతకుముందు వచ్చిన చిన్న హెచ్చరికలు విన్నట్టు డ్యూటీలో ఉన్న నర్సుల్లో ఎవరికీ గుర్తు లేదు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2013 ఏప్రిల్‌లో దేశమంతటికీ హెచ్చరిక పంపింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు తన దృష్టికి వచ్చిన అలారం ఘటనలు 98 అని, వాటిలో 80 మంది చనిపోయారని, 13 మందికి శాశ్వత నష్టం జరిగిందని చెప్పింది. అవి ఆసుపత్రులు తమంతట తాము చెప్పినవి మాత్రమే. మన దగ్గర అలా చెప్పే అలవాటే లేదు.

ఉత్తుత్తి అలారాలు ఎందుకు మోగుతాయో తెలియని రహస్యమేమీ కాదు. ఛాతీ మీద అంటించిన స్టిక్కర్‌లో జెల్ ఎండిపోతుంది. చర్మం తుడవకుండా, వెంట్రుకలు తీయకుండా అంటిస్తే పట్టు నిలవదు. రోజూ కొత్తవి అంటిస్తే అలారాలు తగ్గుతాయని పెద్ద ఆసుపత్రులు నిరూపించాయి. ఇక రెండోది హద్దులు. మిషన్ కంపెనీ నుంచి వచ్చినప్పుడు నాడి ఇంతకు తగ్గితే, బీపీ ఇంతకు దాటితే మోగాలని ఒక లెక్క పెట్టి ఉంటుంది. గుండె వేగం తగ్గించే మాత్రలు వేసుకుని నిద్రపోతున్న మనిషి నాడి 54 ఉండటం మామూలే. హద్దు 60 దగ్గరే వదిలేస్తే ఆ మంచం రాత్రంతా మోగుతూనే ఉంటుంది. ఎవరో విసిగి దాన్ని పూర్తిగా ఆపేస్తారు. ఏ రోగికి ఏ హద్దో డాక్టరు రాసి, నర్సు పెట్టి, డ్యూటీ మారినప్పుడల్లా సరిచూసుకోవడానికి పట్టేది రెండు నిమిషాలు. కాసేపు ఆపే బటన్‌కూ, పూర్తిగా ఆపేసే బటన్‌కూ ఉన్న తేడా ప్రాణమంత.

అలారం కంటే కనపడని ప్రమాదం ఇంకొకటుంది. రోగిని చూడటానికి మనం పెట్టిన సాధనమే రోగికి హాని చేయడం. దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు. మణికట్టు లైను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో పొరపాటు ఎవరి కంటికీ కనపడకుండా ప్రాణం తీయగలదు.

గుండె ఆపరేషన్ చేసేటప్పుడు మణికట్టు ధమనిలోకి సన్నని గొట్టం పెడతారు. గుండె కొట్టుకునే ప్రతి దెబ్బకూ బీపీ తెలుస్తుంది, రక్త పరీక్షలకు మళ్లీ మళ్లీ సూది గుచ్చే బాధ తప్పుతుంది. గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఒక సంచిలోంచి ద్రవం కొద్దికొద్దిగా పోతూ ఉంటుంది. ఆ సంచిలో ఉండాల్సింది ఉప్పు నీళ్లు, అంటే మామూలు సెలైన్. గ్లూకోజ్ సంచీ కూడా చూడటానికి అలాగే ఉంటుంది. లైనుకు తగిలించే సంచిని ఒత్తిడి పెట్టే ఇంకో సంచిలో బిగిస్తారు కాబట్టి లేబుల్ లోపలే ఉండిపోతుంది. హడావుడిలో ఒకటికి బదులు ఒకటి పెడితే ఏమవుతుందో చూడండి. 5 శాతం గ్లూకోజ్ అంటే ప్రతి డెసీలీటరుకు 5,000 మిల్లీగ్రాములు. మనిషి రక్తంలో షుగర్ 100 ఉంది అనుకుందాం. పరీక్షకు లాగిన రక్తంలో 20వ వంతు ఆ గ్లూకోజ్ కలిసినా మిషన్ 345 చూపిస్తుంది. గుండె ఆపరేషన్ తర్వాత షుగర్ పెరగడం సహజం కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇన్సులిన్ మొదలుపెడతారు. గంట తర్వాత అదే లైను నుంచి మళ్లీ రక్తం, మళ్లీ అదే అబద్ధం, ఇన్సులిన్ ఇంకొంచెం ఎక్కువ. లోపల అసలు షుగర్ పాతాళానికి పడిపోతుంటుంది. మెలకువలో ఉన్న మనిషికి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, ఏదో అయిపోతోందని చెప్తాడు. మత్తులో, వెంటిలేటర్ మీద ఉన్న మనిషి ఏం చెప్తాడు? మెదడు దెబ్బతిన్నాక, మత్తు ఆపినా లేవనప్పుడు తెలుస్తుంది.

ఇలాంటి మరణాలు జరిగాకే 2008లో బ్రిటన్‌లోని నేషనల్ పేషెంట్ సేఫ్టీ ఏజెన్సీ ఆసుపత్రులన్నింటికీ హెచ్చరిక పంపింది. ధమని లైనుకు సెలైన్ తప్ప ఇంకేదీ వాడొద్దు, సంచి లేబుల్ కనపడేలా ఉండాలి, రక్తం తీసేముందు గొట్టంలో నిలిచిన ద్రవాన్ని తగినంత లాగి వదిలేయాలి అని. ఇందుకు కొత్త మిషన్ కొనక్కర్లేదు. సంచి తగిలించేటప్పుడు ఇద్దరు చదివి చూసుకుంటే చాలు. అనుకోనంత ఎక్కువ షుగర్ వస్తే ఇన్సులిన్ పెంచే ముందు వేలి నుంచో, ఇంకో చోటి నుంచో ఒక్కసారి పరీక్షిస్తే చాలు.

అదే లైనుకు ఇంకో సమస్య. చేతి వేళ్లకు రక్తం అందకపోవడం అరుదే, కానీ జరుగుతుంది. ఆ చేతి వేళ్లు చల్లబడి పాలిపోయినా, నీలం తిరిగినా వెంటనే చెప్పాలి. సిర అనుకుని ధమని లైనులోకి మందు ఎక్కిస్తే చెయ్యే పోవచ్చు. అందుకే దానికి ఎర్ర రంగు గుర్తు పెట్టే పద్ధతి ఉంది. ఆ గుర్తు ఊడిపోయి కనిపిస్తే అది చిన్న విషయమని ఊరుకోకూడదు.

గుండెలోకే గొట్టం పంపి కొలతలు తీసే సాధనం 1970లో స్వాన్, గాంజ్ అనే వైద్యుల చేతుల్లో రూపుదిద్దుకుంది. కొసన చిన్న బుడగ ఉంటుంది, అది రక్త ప్రవాహంతో పాటే ఊపిరితిత్తుల ధమని దాకా కొట్టుకుపోతుంది. కొన్ని దశాబ్దాల పాటు అది లేని ఐసీయూ ఐసీయూయే కాదన్నట్టు వాడారు. కొలతలు తెలిస్తే ప్రాణం నిలుస్తుందని అందరూ నమ్మారు. 1996లో అమెరికాలో 5,735 మంది రోగుల వివరాలు చూస్తే, ఆ గొట్టం పెట్టిన వారిలోనే మరణాలు ఎక్కువ అని తేలి వైద్యలోకం ఉలిక్కిపడింది. 2003లో పెద్ద ఆపరేషన్లకు వచ్చిన 60 ఏళ్లు, అంతకు మించిన వయసున్న 1,994 మంది మీద సరైన పోలిక చేశారు. గొట్టం పెట్టినా, పెట్టకపోయినా బతికినవారి శాతం దాదాపు ఒకటే. ఊపిరితిత్తుల్లో గడ్డలు మాత్రం గొట్టం పెట్టినవారిలో 8 మందికి వచ్చాయి, పెట్టనివారిలో ఒక్కరికీ రాలేదు. బుడగ ఊదినప్పుడు ధమని చిట్లితే నోట్లోంచి రక్తం వస్తుంది, అలాంటి వారిలో చాలామంది దక్కరు. గుండె బాగా బలహీనమైనవారికి, ఊపిరితిత్తుల ఒత్తిడి ఎక్కువున్న వారికి ఇప్పటికీ ఆ గొట్టం ఉపయోగమే. అందరికీ కాదు. ఎందుకు పెడుతున్నారో డాక్టరు రెండు మాటల్లో చెప్పగలగాలి.

మెడ లైను ఇంతకంటే మామూలు. గుండె ఆపరేషన్ అయిన దాదాపు ప్రతి ఒక్కరికీ ఉంటుంది, ఉండాలి కూడా. మందులు ఎక్కించడానికి, ఒత్తిడి చూడటానికి అదే దారి. ఆ దారినే క్రిములు నేరుగా రక్తంలోకి వెళ్తాయి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో నూరుకు పైగా ఐసీయూలు ఐదు పనులు పట్టుబట్టి చేశాయి. చేతులు కడుక్కోవడం, లైను వేసేటప్పుడు గౌను, మాస్కు, పెద్ద గుడ్డతో రోగిని పూర్తిగా కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, వీలైనంతవరకు గజ్జల్లో లైను వేయకపోవడం, అవసరం తీరిన లైను తీసేయడం. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. వెయ్యి లైను రోజులకు (ఒక రోగికి ఒక రోజు లైను ఉంటే అది ఒక లైను రోజు) మధ్యస్థంగా 2.7 ఉన్న రక్తపు ఇన్‌ఫెక్షన్లు మూడు నెలల్లో సున్నాకు వచ్చాయి, ఏడాదిన్నర దాకా అలాగే నిలిచాయి. ఇందులో ఖరీదైన మందు ఒక్కటీ లేదు. ఒక పని మాత్రం మిగతా చాలాచోట్ల జరగలేదు, జరగడమూ కష్టమే. పెద్ద డాక్టరు ఒక మెట్టు మరచిపోతే నర్సు ఆగమని చెప్పాలి, ఆయన ఆగాలి. మిషిగన్‌లో నర్సులకు ఆ అధికారం ఇచ్చారు. మన ఆసుపత్రుల్లో నర్సు గొంతెత్తితే ఏమవుతుందో మనకు తెలుసు. ఆ భయం పోకపోతే గోడ మీద ఎన్ని పోస్టర్లు అంటించినా ఇన్‌ఫెక్షన్లు తగ్గవు.

లైను తీసేటప్పుడూ జాగ్రత్త కావాలి. మెడ లైను తీసే వేళ రోగిని పడుకోబెట్టాలి. కూర్చోబెట్టి లాగితే గాలి లోపలికి పోయి గుండెకు చేరవచ్చు. వార్డుకు పంపే తొందరలో ఈ ఒక్కటీ మరచిపోయి ప్రాణాల మీదికి తెచ్చుకున్న సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి.

వేలి క్లిప్పు గురించి ఒక మాట. కరోనా కాలంలో ఇంటింటికీ వచ్చింది కాబట్టి దాని మీద మనకు నమ్మకం ఎక్కువ. అది వేలిలోంచి వెళ్లే కాంతిని చూసి ఆక్సిజన్ అంచనా వేస్తుంది. చర్మం రంగు ఆ కాంతికి అడ్డుపడుతుంది. 2020లో మిషిగన్ వైద్యులు ప్రచురించిన పరిశీలనలో, క్లిప్పు 92 నుంచి 96 చూపిస్తుండగా రక్తంలో అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లజాతివారిలో 11.7 శాతం. మన ఒంటి రంగులు రకరకాలు. మనలో నలుపు ఎక్కువున్న వారి విషయంలో క్లిప్పు చెప్పే 93ను ధైర్యంగా తీసుకోకూడదు. ఆయాసం కనిపిస్తుంటే, పెదాలు నీలం తిరుగుతుంటే ధమని రక్తం పరీక్ష చేయించాలి. గోరింటాకు, గోళ్ల రంగు కూడా అంకెను తప్పుదారి పట్టించగలవు. ఆపరేషన్‌కు వెళ్లే అక్కచెల్లెళ్లు ఆ వారం గోరింటాకు పెట్టుకోకుండా ఉంటే మంచిది. పెళ్లి ఇంటి నుంచి నేరుగా వచ్చినవారైతే డాక్టరుకు చెబితే చాలు, చెవి తమ్మెకు పెట్టే క్లిప్పు ఉంటుంది.

ఇంట్లోవాళ్లు చేయకూడనివి కొన్ని. మానిటర్ మీద ఏ బటన్ నొక్కవద్దు, ఎంత విసుగొచ్చినా. నాన్నకు ఎత్తు సరిపోలేదని మంచం తలవైపు పెంచవద్దు, దించవద్దు. మణికట్టు లైను, మెడ లైను కొలతలు గుండెతో సమానమైన ఎత్తులో పెట్టిన చిన్న డబ్బా నుంచి వస్తాయి. మంచం పది సెంటీమీటర్లు కదిలి, డబ్బా అక్కడే ఉండిపోతే అంకె ఏడు పాయింట్లకు పైగా తప్పుతుంది. ఆ తప్పు అంకె చూసి డాక్టరు మందు పెంచవచ్చు, తగ్గించవచ్చు. సిస్టర్‌ను అడిగితే మంచం ఆమే సరిచేసి, డబ్బా కూడా సరిచేస్తుంది. అద్దంలోంచి గంటల తరబడి అంకెలు చూస్తూ గుండె చెదరగొట్టుకోవద్దు. మనిషిని చూడండి. ముఖం, ఊపిరి, చేతి చలవ, మూత్రం సంచిలో నీళ్లు పెరుగుతున్నాయా లేదా. మీకు ఏదో తేడాగా ఉంటే పిలవండి, రెండోసారీ పిలవండి. నేను ఆ రాత్రి రెండోసారి పిలవలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కానీ పిలవడం వేరు, మీద పడటం వేరు. నర్సుల మీద చేయి చేసుకునే చోట అలారం వినే మనుషులు మిగలరు. నలుగురు ప్రాణాపాయ రోగులకు ఒక్క నర్సును పెట్టింది ఆమె కాదు. వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలని మన దేశపు ఐసీయూ వైద్యుల సంఘమే చెప్పింది. ఆ లెక్క కాగితం మీద ఉంది, రాత్రి పది దాటాక మంచాల దగ్గర లేదు. డబ్బు కట్టే ప్రభుత్వాలకే దీన్ని అమలు చేయించే బలముంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ప్రభుత్వ పథకం కింద గుండె ఆపరేషన్ చేసే ప్రతి ఆసుపత్రి రాత్రి డ్యూటీలో ఎంతమంది నర్సులున్నారో, వెయ్యి లైను రోజులకు ఎన్ని ఇన్‌ఫెక్షన్లు వచ్చాయో నెలనెలా చెప్పాలని ఆ పథకాలు నడిపే రెండు రాష్ట్రాల ట్రస్టులూ షరతు పెట్టాలి. మన దేశంలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్‌కు పంపే లెక్కల్లో ఈ ఇన్‌ఫెక్షన్ల లెక్క ఇప్పటికే ఉంది. దాన్ని ఐసీయూ తలుపు మీద, తెలుగులో, పెద్ద అక్షరాల్లో అంటించడానికి అడ్డేముంది?

ఈ రాత్రి మీవాళ్లెవరైనా ఐసీయూలో ఉంటే డ్యూటీ మారే వేళకు వెళ్లి నెమ్మదిగా మూడు ప్రశ్నలు అడగండి. ఈ మంచం అలారాన్ని రాత్రి ఎవరు వింటారు? హద్దులు మా మనిషికి తగ్గట్టు పెట్టారా? మెడ లైను, మణికట్టు లైను ఈరోజు కూడా అవసరమేనా? జవాబు రాకపోతే పెద్ద డాక్టరును అడగండి. అక్కడా రాకపోతే రేపు ఉదయం మళ్లీ అడగండి.